నిలబడి తిన్న ఊరు: పలెర్మో జ్ఞాపకాలు

మా వీధిలోకి పొద్దున్న ఎనిమిదైతే చాలు, ఒకదాని వెనక ఒకటి ఆటోలు దిగుతాయి. ఉల్లిపాయలది ఒకటి, కొబ్బరిబోండాలది ఒకటి, పాత ఇనుము కొనేది ఒకటి. ఎవరూ నోరు తెరిచి అరవరు. ముందే రికార్డు చేసి పెట్టుకున్న గొంతు మైకులోంచి వస్తూనే ఉంటుంది: "కర్నూలు ఉల్లిపాయలమ్మా, వందకి నాలుగు కేజీలు!" మొన్న ఆ ఉల్లిపాయల ఆటో మా గేటు ముందే చాలాసేపు ఆగింది. పియాజియో కంపెనీ వాళ్ళ 'ఆపే' రకం ఆటో. మా ఆవిడ బేరం ఆడుతోంది, మైకు మానాన మైకు మోగుతోంది. నేను మాత్రం విశాఖపట్నంలో లేను. ఇటలీలోని సిసిలీ దీవిలో, పలెర్మో ఊళ్ళో ఉన్నాను.

అక్కడా అదే బండి. సిసిలీ వాళ్ళు దాన్ని లాపా అంటారు. వెనకవైపు గాజు పెట్టె, పైన చిన్న మైకు, పెట్టెలో పెద్ద పెద్ద రేకుల్లో స్ఫించోనె. మందపాటి మెత్తని రొట్టె మీద టమాటా, బాగా మగ్గిన ఉల్లిపాయ, ఉప్పులో ఊరిన నెత్తళ్ళు, చీజు, ఆపైన రొట్టెపొడి చల్లి కాలుస్తారు. మైకులో ఒక మగగొంతు సాగదీసి పాడుతున్నట్టు చెబుతుంది: ఇప్పుడే పొయ్యిలోంచి తీశాను, నూనె తక్కువ, పైన పొడి నిండుగా ఉంది, రండి! ఏ సందులో ఏ బండి ఎదురైనా అదే గొంతు. ఎవరు ఎప్పుడు రికార్డు చేశారో గానీ, ఊరంతా ఆయన ఒక్కడే స్ఫించోనె అమ్ముతున్నట్టు ఉండేది.

అప్పటికి నేను ఓడ మీద ఫోర్త్ ఇంజనీర్ని. ఇంజన్‌లో పెద్ద పని పడి మా ఓడ పలెర్మో రేవులో డ్రై డాక్ ఎక్కింది. లిరాలు పోయి యూరోలు వచ్చిన కొత్తలు. దుకాణాల్లో ధరలు రెండు రకాలుగానూ రాసి ఉండేవి. యూరో అంటే 1936 లిరాలకి పైన ఇంకా చిల్లర. ముసలివాళ్ళు బిళ్ళ చేతిలో తిప్పుకుంటూ లెక్క కట్టుకోవడం ప్రతి కొట్టు దగ్గరా కనిపించేది.

*

డ్రై డాక్ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. నీళ్ళు తోడేసిన పెద్ద గోతిలో ఓడ దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. సముద్రపు నీళ్ళు అందకపోతే ఓడలో చల్లబరిచే యంత్రాలేవీ నడవవు, కరెంటు కూడా ఒడ్డు నుంచే రావాలి. పొద్దస్తమానం సుత్తి దెబ్బలు, గ్రైండర్లు, వెల్డింగు వాసన. సాయంత్రం స్నానం చేసి గ్యాంగ్‌వే దిగితే గానీ మనిషినన్న స్పృహ వచ్చేది కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్లోరియో అనే వ్యాపార కుటుంబం పెట్టించిన యార్డు అది. గేటు దాటి బయటికొస్తే నెత్తిన మోంటె పెల్లెగ్రీనో కొండ, ఎదురుగా ఊరు.

నాతో ఎప్పుడూ వచ్చేది మా ఫిట్టర్. కళింగపట్నం మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. వెల్డింగులో ఆయన చేతికి తిరుగు లేదు. ఓడ మీద ఉన్నంతసేపూ నన్ను సార్ అనేవాడు. నేల మీద కాలు పడగానే బాబూ అనేవాడు. నేను ఆయన్ని మావా అనేవాణ్ణి. ఇంగ్లీషు పది ముక్కలు, ఇటాలియన్ సున్నా. అయినా ఆ ఊళ్ళో నాకంటే ఎక్కువ మందితో మాట్లాడింది ఆయనే.

మావ శనివారం నీసు ముట్టడు. వెంకన్న మొక్కు. మేం డాక్ ఎక్కిన తర్వాత వచ్చిన మొదటి శనివారం మధ్యాహ్నం, ఓడలో వంట సరిగ్గా లేదని యార్డు గేటు బయటికి వెళ్ళాం. అక్కడొక బండి. యార్డు పనివాళ్ళు బాయిలర్ సూట్లతోనే చుట్టూ మూగి ఉన్నారు. నూనె కాగిన వాసనలోంచి శనగపిండి వాసన గుప్పున కొట్టింది. మావ ఆగిపోయాడు.

"ఏటి బాబూ, ఇది మన సెనగపిండే కాదేటి?"

శనగపిండే. దాని పేరు పనెల్లె. పలుచని పలకలుగా కోసి, నూనెలో వేయించి, నువ్వులు అద్దిన గుండ్రటి రొట్టెని మధ్యకి చీల్చి, నాలుగైదు పలకలు లోపల పేర్చి, ఉప్పు చల్లి నిమ్మకాయ పిండి ఇస్తారు. యూరోలోపే వచ్చేది. చేతిలో కాగితం, కాగితంలో రొట్టె, నిలబడే తినాలి, కూర్చోడానికి అక్కడ ఏమీ లేదు. మాంసం లేదు కదా అని మావ రెండు మూడుసార్లు సైగలతో అడిగాడు. బండాయన గుండె మీద చెయ్యి వేసుకుని లేదన్నట్టు తల ఊపాడు. ఆ తర్వాత మేం పలెర్మోలో ఉన్నన్నాళ్ళూ మావకి శనివారం భోజనం అదే.

*

అలా బండి దగ్గర పరిచయం పెరిగి, ఒకరోజు బండాయన మమ్మల్ని పొద్దున్నే రమ్మన్నాడు. రేవుకి దగ్గర్లోనే బోర్గో వెక్కియో పేటలో ఆయన ఇల్లు. కింద గదిలోనే సరుకు తయారీ. ఆయన భార్య ఒక్క మాట మాట్లాడకుండా కాఫీ తెచ్చి పెట్టి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

చల్లనీళ్ళలో శనగపిండి ఉండ కట్టకుండా కలిపి, ఉప్పేసి పొయ్యి మీద పెట్టారు. ఇక తిప్పడమే. ఒకే వైపు తిప్పాలట, మధ్యలో చెయ్యి ఆగకూడదు. మొదట పల్చటి మజ్జిగలా ఉన్నది చూస్తుండగానే బరువెక్కింది, గరిట ఆడించడం కష్టమైంది, చివరికి గిన్నె అంచులు వదిలేసింది. అప్పుడు సన్నగా తరిగిన పార్స్లీ ఆకు. కొత్తిమీర అనుకుని మావ నలిపి వాసన చూశాడు, కాదని పెదవి విరిచాడు. తర్వాత పని చాలా వేగంగా జరగాలి. వేడి తగ్గితే పిండి గట్టిపడిపోతుంది. పింగాణీ పళ్ళేలు బోర్లించి, వాటి వెనక వైపు పిండిని పల్చగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా కత్తితో రాసేశారు. ఆమె చెయ్యి ఒకటే వరసలో పోయింది, ఒక్కో పళ్ళానికి రెండే రెండు తోపులు. చల్లారాక అంచు పట్టుకుని లాగితే పొర మొత్తం ఊడి వచ్చింది. నాలుగు ముక్కలు కోసి దొంతరలు పెట్టింది.

"మనోలు పచ్చిపిండి నూనిలో యేస్తారు. ఈలు ముందు ఉడకబెట్టి మరీ యేపుతున్నారు బాబూ. అందికే లోపల ఎన్నలాగున్నాది," అన్నాడు మావ. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అంచులు కరకర, లోపల మెత్తన. సోడా లేదు, వాము లేదు, కారం లేదు.

కారం లేకపోవడమే మావకి కొరత. తర్వాతి శనివారం ఎక్కడి నుంచో గుప్పెడు పచ్చిమిరపకాయలు తెచ్చాడు. చీల్చి, ఉప్పు రాసి, బండాయన్ని అడిగి ఆ నూనెలోనే వేయించి రొట్టెలో పెట్టుకున్నాడు. బండాయన కూడా ఒకటి కొరికాడు. కళ్ళలో నీళ్ళు, దగ్గు, చుట్టూ ఉన్న పనివాళ్ళ నవ్వు. తేరుకున్నాక ఏం చేశాడో తెలుసా, మిగిలిన కాయలు లెక్కపెట్టి సీసాలో వేసి పక్కన పెట్టాడు. మావ వచ్చినప్పుడల్లా అందులోంచి రెండు తీసి వేయించి ఇచ్చేవాడు. అడగక్కర్లేకుండా. ఒక మనిషికి ఏం ఇష్టమో గుర్తుపెట్టుకోవడం కంటే పెద్ద మర్యాద ఏముంటుంది? ఐదు నక్షత్రాల హోటళ్ళలో తర్వాత తిన్నాను, ఆ మర్యాద మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

*

ఆ మిరపకాయలు బల్లరో బజారులోవి. పలెర్మోలో పాత బజార్లు మూడు: బల్లరో, కాపో, వుచ్చిరియా. బల్లరో చుట్టుపక్కల శ్రీలంక తమిళులు చాలామంది స్థిరపడ్డారు, బంగ్లాదేశ్ వాళ్ళూ ఉన్నారు. ఒక తమిళాయన కొట్లో కరివేపాకు కనిపించినప్పుడు మావ కొనలేదు, ముందు కాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి ఫోన్ చేసుకునేది కూడా ఆ సందుల్లోనే. చెక్క అరలు, గోడలకి దేశాల పేర్లతో నిమిషానికి ఎంతో రాసిన కాగితాలు, గీకితే నంబరు బయటపడే కార్డులు. పక్క అరలో ఎవరో బెంగాలీలో ఏడుస్తూ ఉంటే, ఇటు పక్క ఎవరో తమిళంలో పెళ్ళి కబురు చెబుతూ ఉండేవారు. మావ ఫోన్‌లో మాట్లాడితే మాత్రం కళింగపట్నానికి తీగ అక్కర్లేదేమో అనిపించేది, అంత గొంతు.

బజారు అరుపుల సంగతి చెప్పాలి. అక్కడ సరుకు ధర చెప్పడం ఒక పాట. కత్తిచేప తలకాయని మంచు మీద నిలువుగా నిలబెట్టి, కత్తి ఆకాశానికి గురిపెట్టి, దాని పక్కనే నిలబడి రాగం తీసేవాడు చేపలాయన. ఎదురు కొట్టువాడు ఆలివ్‌ల మీద అదే రాగానికి జవాబు అందుకునేవాడు. మధ్యలో ఉడకబెట్టిన బంగాళాదుంపలు, నిప్పుల్లో కాల్చిన ఉల్లిపాయలు, ఆర్టిచోకులు పొగలు కక్కుతూ ఉండేవి. ఇంట్లో పొయ్యి వెలిగించే తీరిక లేని ఆడవాళ్ళు అవి కొనుక్కుపోయి రాత్రి కూర కింద సర్దుకుంటారట. ఒక బల్ల దగ్గర మరిగే నీళ్ళలోంచి ఆక్టోపస్‌ని తీసి, టకటకా కోసి, నిమ్మకాయ పిండి పళ్ళెంలో పెట్టేవాళ్ళు. మావ వాళ్ళది చేపల వేట చేసే కుటుంబం. వలలో పడితే తీసి పారేసే జీవానికి ఇంత మర్యాదా అని ఆశ్చర్యపోతూనే రెండో పళ్ళెం కూడా తిన్నాడు.

నాకు ఇష్టమైంది నాగజెముడు పండు. శీతాకాలం మొదట్లో తోపుడుబండ్ల మీద ఎర్రవి, పసుపువి, తెల్లవి వేరువేరుగా పేర్చి ఉండేవి. ముల్లు చేతికి అంటకుండా ఫోర్కుతో పొడిచి, రెండు చివరలూ కోసి, నిలువునా ఒక గాటు పెట్టి తొక్కని పక్కకి ఒలిచేస్తాడు. ఒక్క క్షణంలో పండు మాత్రం చేతిలో. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో చేలగట్ల మీద వాటిని రాతికి రుద్ది ముళ్ళు తీసి తిని, నాలుక ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చి తిట్లు తినేవాళ్ళం. ఇక్కడ దానికో బండి, ఓ ధర, ఓ పనివాడు!

*

రాత్రి పూట ఊరి సంగతి వేరు. సందు మలుపులో తెల్లటి పొగ లేచిందంటే అక్కడ స్తిగ్యోల ఉన్నట్టే. గొర్రె పేగుల్ని శుభ్రం చేసి ఉల్లికాడకి చుట్టి, బొగ్గుల మీద కాల్చి, చెక్క మీద ముక్కలు కొట్టి ఉప్పూ నిమ్మకాయా వేసి ఇస్తారు. అరుపు అక్కర్లేదు. గిరాకీ తగ్గినప్పుడు కాస్త కొవ్వు నిప్పుల మీద వేస్తే చాలు, ఆ పొగే వీధి చివరిదాకా వెళ్ళి పిలుచుకొచ్చేది. శనివారం కాని రోజుల్లో మావ అడుగులు తిన్నగా ఆ పొగలోకే.

లా కాలా పాతరేవు దగ్గర ప్లీహం, ఊపిరితిత్తుల ముక్కలతో ఇంకో రొట్టె అమ్ముతారు. పలెర్మో వాళ్ళకి అది ప్రాణం. గొడ్డుమాంసం కాబట్టి నేనూ తినలేదు, మావా తినలేదు. కానీ తయారీ చూస్తూ నిలబడేవాళ్ళం. పెద్ద మూకుడు ఒక పక్కకి వంచి ఉంటుంది. పై భాగంలో ఉడికించి కోసిన ముక్కలు, కింద మడుగులో కరిగిన పందికొవ్వు. అడిగినన్ని ముక్కలు కిందికి తోసి, క్షణం వేయించి, రొట్టెలో పెట్టి, గట్టిగా నొక్కి కొవ్వు పిండేసి ఇస్తాడు. ఉత్తది కావాలంటే నిమ్మరసం, లేకపోతే రికోటా అనే మెత్తటి చీజు, పైన ఇంకో చీజు తురుము. ఇది ఊళ్ళోని యూదు కసాయిల నుంచి వచ్చిందని చెబుతారు. వాళ్ళ మతంలో కోసినందుకు డబ్బు తీసుకోకూడదు, అందుకని లోపలి భాగాలు కూలిగా తీసుకుని వండి అమ్ముకునేవాళ్ళట. 1492లో, అప్పట్లో సిసిలీని ఏలుతున్న స్పెయిన్ రాజు వాళ్ళని వెళ్ళగొట్టాడు. మనుషుల్ని వెళ్ళగొట్టగలిగారు గానీ వాళ్ళ తిండిని వెళ్ళగొట్టలేకపోయారు. పేగులు, ప్లీహం, శనగపిండి, నిన్నటి రొట్టెపొడి. ఆ వీధి తిండి అంతా లేనివాళ్ళు కనిపెట్టుకున్నదే. సూటు వేసుకున్న వకీలూ, రేవు కూలీ అదే మూకుడు ముందు భుజం భుజం రాసుకుని నిలబడడం నేను కళ్ళారా చూశాను.

*

చూడాల్సినవీ చూశాం. ఊరు నడిబొడ్డున క్వాత్రో కాంతీ కూడలి, నాలుగు మూలలా నాలుగు ఒంపు గోడలు, వాటి మీద నాలుగు రుతువులు, నలుగురు స్పెయిన్ రాజులు, నలుగురు మహిళా సెయింట్లు. రెండడుగుల దూరంలో ఫ్లోరెన్స్ నుంచి ముక్కలుగా ఓడలో తెచ్చి పేర్చిన ప్రెతోరియా ఫౌంటెన్. మొంరియాలె కొండ మీది పెద్ద చర్చిలో బంగారు మొజాయిక్కులు, అంటే చిన్న చిన్న ముక్కలు అతికి చేసిన బొమ్మలు, చూసి మెడలు నొప్పెట్టాయి. అవన్నీ ఫోటోల్లో ఉన్నాయి.

మనసులో ఉండిపోయింది మాత్రం నార్మన్ రాజభవనంలోని పలతీనా చాపెల్, అంటే రాజుల సొంత ప్రార్థన మందిరం. సిసిలీని ఏలిన నార్మన్ రాజు రెండో రోజర్ కట్టించింది, 1140లో ప్రతిష్ఠ. గోడల మీద బంగారు మొజాయిక్కులు బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు పనివాళ్ళ చేతివి. పైకప్పు చెక్క పని అరబ్బు పనివాళ్ళది. తేనెపట్టు గదుల్లా ఒకదాని కింద ఒకటి వేలాడే ఆ చెక్క గూళ్ళ మీద వాద్యకారులు, ఒంటెలు, చదరంగం ఆడేవాళ్ళు. క్రైస్తవ రాజు గుళ్ళో! మావ గోడల బంగారం వైపు పెద్దగా చూడనే లేదు. తల పైకెత్తి, ఆ కీళ్ళు ఎలా అతికారో చూస్తూ ఉండిపోయాడు. "ఒక్క బోల్టు లేదు బాబూ," అన్నాడు చివరికి, చాలా మెల్లగా.

బయట గోడకి ఒక రాతిపలక ఉంది. రోజర్ 1142లో చేయించిన నీటి గడియారం గురించి లాటిన్, గ్రీకు, అరబిక్ మూడింటిలోనూ చెక్కిన శాసనం. గడియారం పోయింది, పలక మిగిలింది. ఇంజను గదిలో బతికేవాణ్ణి కదా, నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టేసినవి ఇలాంటివే. జీసా భవనం కూడా అంతే. పన్నెండో శతాబ్దపు వేసవి విడిది. సముద్రం వైపు మూడు పెద్ద తోరణాలు, లోపల నీళ్ళ గది. గోడలోంచి వచ్చిన నీళ్ళు ఏటవాలు పాలరాతి మీదుగా జారి, నేలలోని కాలువ గుండా బయటి కొలనులోకి పోయేవి. సముద్రపు గాలి ఆ నీళ్ళ మీదుగా వచ్చి చల్లబడి, గోడల్లోని గొట్టాల ద్వారా పై అంతస్తులకి ఎక్కేది. మా ఓడలో ఏసీ ఆగిపోయి వారాలైంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మేస్త్రీలకి అక్కడే నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

ఊళ్ళోకి వెళ్ళే దారిలో ఉచ్చర్దోనె జైలు గోడ వస్తుంది. 1986లో మొదలైన పెద్ద మాఫియా విచారణ అక్కడే జరిగింది. 470 మందికి పైగా నిందితులు, వాళ్ళ కోసం జైలుని ఆనుకుని ప్రత్యేకంగా కట్టిన కాంక్రీటు కోర్టు గది. ఆ గోడ పక్కన నడిచేటప్పుడు బండాయన కూడా గొంతు తగ్గించేవాడు. 1992లో న్యాయమూర్తులు ఫల్కోనే, బొర్సెల్లీనో రెండు నెలల తేడాలో మాఫియా బాంబులకి బలైపోయారు. మేం వెళ్ళేనాటికి ఆ గాయం పచ్చిగానే ఉంది. ఫల్కోనే ఇంటి ముందు చెట్టుకి పిల్లలు ఉత్తరాలు, బొమ్మలు కట్టి ఉంచేవారు. వానకి తడిసినవి తడిసినట్టే, కొత్తవి పక్కన.

*

నవంబరు 2 చచ్చిపోయిన పెద్దల రోజు. ఆ ముందురోజుల్లో మిఠాయి కొట్లన్నీ పంచదార బొమ్మలతో నిండిపోయాయి, గుర్రం మీద వీరులు, గౌన్లు వేసుకున్న రాణులు. బాదంపిండితో చేసిన పండ్లు, చూస్తే నిజం పండ్లే, సీతాఫలం దాకా! రాత్రి తాతలూ అవ్వలూ వచ్చి పిల్లల కోసం ఇవి దాచిపెట్టి వెళతారని నమ్మకం. పొద్దున్నే ఇల్లంతా వెతుక్కోవడం పిల్లల పని. మా దగ్గర సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టి దణ్ణం పెడతాం. అక్కడ పెద్దలే వచ్చి పిల్లలకి పెట్టి పోతారు. పోయిన మనిషంటే పిల్లలకి భయం లేకుండా చేసే ఈ పద్ధతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

మోంటె పెల్లెగ్రీనో మీద, పలెర్మోని కాపాడుతుందని నమ్మే సంత రొసాలియా గుహ ఉంది. సంత అంటే ఇటాలియన్‌లో సెయింట్. 1624లో ప్లేగు వచ్చినప్పుడు ఆమె అస్థికలు అక్కడ దొరికాయని, ఊరేగించాక ప్లేగు తగ్గిందని ఊరి నమ్మకం. గుహ కప్పులోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. వాటిని పట్టి పక్కకి మళ్ళించడానికి పైనంతా రేకు దోనెలు వేలాడదీశారు. మేం ఒక ఆదివారం ఎక్కాం. దారిలో తమిళ కుటుంబాలు, చీరల్లో, పిల్లల్ని చంకనేసుకుని. వాళ్ళలో చాలామంది హిందువులే. ఆమెని కొలుస్తూ కొండ ఎక్కుతారు. మావ చెప్పులు గుహ బయటే వదిలేసి లోపలికి వెళ్ళాడు.

*

డిసెంబరు 13, సంత లుచీయా రోజు. ఆ రోజు పలెర్మోలో రొట్టె తినరు, పాస్తా తినరు. 1646లో కరువొచ్చి జనం అల్లాడుతుంటే సరిగ్గా ఆ రోజే గోధుమల ఓడ రేవుకి వచ్చిందని, పిండి పట్టించే ఓపిక కూడా లేక గింజలు గింజలుగానే ఉడకబెట్టుకు తిన్నారని చెప్పుకుంటారు. అందుకే ఆ రోజు ఉడికించిన గోధుమలతో కుచ్చీయా చేస్తారు, పైన తియ్యటి రికోటా. దానితోపాటు అరంచీనెలు. కుంకుమపువ్వు వేసిన అన్నం ఉండల మధ్య కూర పెట్టి, రొట్టెపొడి దొర్లించి వేయించేవి, కమలాపండంత. కొట్ల ముందు లైన్లు వీధి మలుపు దాకా.

మా ఓడ బయల్దేరే రోజులు దగ్గరపడ్డాయి. డాక్‌లోకి నీళ్ళు వదిలారు. బండాయన యార్డు గేటు దాకా వచ్చి, పాలకూర చీజు పెట్టిన అరంచీనెలు మావ కోసం మూట కట్టి తెచ్చాడు. ఓడలో రేవుకి అన్నం వచ్చిన పండగ రోజున, ఓడవాళ్ళకి అన్నం తెచ్చిన మనిషి ఆయన. మావ తన టూల్‌బాక్సులోంచి స్టీలుతో తానే చేసిన చిన్న గరిట తీసి ఇచ్చాడు, పిండి తిప్పడానికి.

*

చాలా ఏళ్ళకి మళ్ళీ వెళ్ళాను. మా అమ్మాయి మిలాన్‌లో చదువుతోంది, జూలైలో ముగ్గురం విమానంలో దిగాం. ఆ విమానాశ్రయానికి ఇప్పుడు ఫల్కోనే, బొర్సెల్లీనోల పేర్లే. ఊళ్ళోకి వచ్చే దారిలో కపాచీ దగ్గర, బాంబు పేలిన చోట, రోడ్డుకి రెండు వైపులా ఎర్రటి స్తంభాలు. వాటి మీద ఆయన పేరు, ఆయన భార్య పేరు, ముగ్గురు అంగరక్షకుల పేర్లు. మా అమ్మాయి ఆ పేర్లు పైకి చదివింది.

మకేదా వీధిలో కార్లు లేవు, అంతా కాలినడకే. 2015లో అరబ్-నార్మన్ కట్టడాలకి యునెస్కో గుర్తింపు వచ్చింది, టూరిస్టులు పెరిగారు. వుచ్చిరియాలో మాత్రం పొద్దున పూట చేపల అరుపులు దాదాపు వినిపించలేదు. రాత్రయ్యాక బల్లలు, సంగీతం, కుర్రాళ్ళు. చిత్రకారుడు రెనాతో గుత్తూసో 1974లో గీసిన ఆ బజారు బొమ్మ స్తేరీ భవనంలో ఉంది, గోడంత పెద్దది. కత్తిచేప, పండ్ల గుట్టలు, ఇరుకు దారిలో జనం. పక్కన నిలబడ్డ ఒక స్థానికుడు వాళ్ళావిడకి బొమ్మలో వేలుపెట్టి చూపిస్తున్నాడు, ఇక్కడ మా నాన్న కొనేవాడు అన్నట్టుగా. బండ్లు, రంగులు, మనుషులు, అన్నీ ఉన్నాయి. ఆ గొంతులే లేవు. అరుపుని ఎవరైనా ఎలా గీస్తారు?

జూలై 14 రాత్రి రొసాలియా ఉత్సవం. క్వాత్రో కాంతీ దగ్గర రథం ఆగింది. మేయరు రథం ఎక్కి పూలు పెట్టి, పలెర్మోకీ సంత రొసాలియాకీ జై కొట్టాడు. జనం ఒక్క గొంతుతో అందుకున్నారు. అక్కడి నుంచి రథం సముద్రం వైపు, తర్వాత బాణసంచా. బండ్ల మీద వెల్లుల్లి వేసి వండిన చిన్న నత్తలు, పుచ్చకాయ ముక్కలు, ఉడికించిన మొక్కజొన్న కంకులు, వేయించిన శనగలు, గుమ్మడి గింజలు. శనగలు పొట్లం కట్టి ఇస్తుంటే మా ఆవిడ, "ఇంతదూరం వచ్చి శనగలా?" అంటూనే పొట్లం మొత్తం ఖాళీ చేసింది.

మర్నాడు మధ్యాహ్నం యార్డు వైపు వెళ్ళాం. గేటు అదే, బండి లేదు, బండాయన గురించి చెప్పగలిగినవాళ్ళూ దొరకలేదు. పోర్టు రోడ్డు మీద ఇంకెవరో కుర్రాడి బండి దగ్గర పనెల్లె దొరికింది. నిలబడే తిన్నాం. కళింగపట్నానికి వీడియో కాల్ చేశాను. మావకి ఇప్పుడు చూపు తగ్గింది, ఫోను ముక్కుకి ఆనించుకుని చూశాడు.

"రొట్టి మీద నువ్వులున్నాయేటి? ఏదీ, దగ్గిరగా సూపించు."

చూపించాను.

"అంచు మాడినాది, నూని బాగా కాగిపోనాది. ఆ గుంటడికి సెప్పు, మంట తగ్గించమని. నిమ్మకాయ పిండేడా?"

పిండాడన్నాను.

"మరయితే నా వంతుది కూడా తినీ బాబూ. అమ్మాయికి మిరపకాయేసి పెట్టించు, దానికి తెలవాలి."

మా అమ్మాయి అప్పటికే రెండోదాని కోసం లైన్లో నిలబడి ఉంది.